కారు ఇంజిన్ లక్షణాలు, వాటి వెనక లోపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కార్లు నడిపేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఇక్కడి ఎండ, ట్రాఫిక్, బోరు నీళ్ళు, సీఎన్‌జీ వాడకం దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాం. లక్షణం చూడగానే పార్టు మార్చేయడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. చాలా లోపాలను ఏమీ విప్పకుండానే, చిన్న పరీక్షతో తేల్చుకోవచ్చు.

షెడ్డుకు వెళ్ళేముందు ఏం గమనించి పెట్టుకోవాలి?

"బండి మిస్ కొడుతోంది" అని మాత్రమే చెబితే మెకానిక్ ఊహించాల్సిందే. నాలుగు సంగతులు రాసుకుని వెళ్ళండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? నిలబడి ఉన్నప్పుడా, రేసు ఇచ్చినప్పుడా, మిట్ట ఎక్కేటప్పుడా? ఏసీ వేస్తే పెరుగుతోందా? దీనికి ముందు బండికి ఏ పని చేయించారు? ఈ చివరి సంగతి చాలామంది దాచిపెడతారు, లేదా మర్చిపోతారు. నిన్న ఎయిర్ ఫిల్టర్ మార్చారు, ఈరోజు ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడం) ఎగుడుదిగుడుగా ఉందంటే మొదట చూడాల్సింది ఫిల్టర్ డబ్బా దగ్గర ఊడిన పైపు, పెట్టడం మర్చిపోయిన సెన్సర్ కనెక్టరు.

మే నెలలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. హైవే ఎక్కగానే దిగిపోతోంది. రేడియేటర్ పోయిందా?

చాలావరకు రేడియేటర్ కాదు, ఫ్యాన్. వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, నిలబడితే ఆ పని ఫ్యాన్ చేయాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేయండి. చాలా బండ్లలో కొద్ది సెకన్లలోనే ఫ్యాన్ తిరగాలి. ఏసీ లేకుండా ఐడిలింగ్‌లో ఉంచితే సుమారు 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఫ్యాన్ అందుకోవాలి. అందుకోకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే చిన్న స్విచ్ డబ్బా) చూడండి. పక్కనే అదే నంబరు రిలే ఉంటే రెండూ మార్చి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. అప్పటికీ తిరగకపోతే ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇవ్వండి. తిరిగితే మోటార్ బాగున్నట్టే, లోపం వైరింగులోనో టెంపరేచర్ సెన్సర్‌లోనో ఉంది. తిరగకపోతే మోటార్ కాలిపోయింది. ఇంజిన్ ఆపేసినా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు, వేళ్ళు దూరంగా పెట్టండి.

ఫ్యాన్ తిరుగుతూ కూడా ట్రాఫిక్‌లో వేడెక్కుతుంటే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో టార్చి వేసి చూడండి. దుమ్ము, పురుగులు, దూది అక్కడ దట్టంగా పేరుకుంటాయి. మిర్చి, పత్తి లోడ్లు తిరిగే గుంటూరు రోడ్ల మీద నడిచే బండ్లలో ఇది మరీ ఎక్కువ. లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ నీళ్ళతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రేకులు వంగిపోయి గాలి పూర్తిగా ఆగిపోతుంది.

ట్రాఫిక్‌లో బాగానే ఉంది, హైవే మీద 90 దాటితేనే వేడెక్కుతోంది. ఎందుకు?

పై ప్రశ్నకు ఇది పూర్తిగా వ్యతిరేకం. గాలి సరిపోతోంది, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ప్రవాహం సరిపోవడం లేదు. రేడియేటర్ లోపలి గొట్టాలు పూడుకుపోయి ఉండొచ్చు, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వు) సగమే తెరుచుకుంటూ ఉండొచ్చు, వాటర్ పంపు రెక్కలు అరిగిపోయి ఉండొచ్చు. మరో కారణాన్ని చాలామంది గమనించరు. కింది రబ్బరు పైపు మెత్తబడి, రేసు పెంచినప్పుడు పంపు లాగే బలానికి లోపలికి నొక్కుకుపోతుంది. బానెట్ తెరిచి, ఒకరిని రేసు ఇమ్మని ఆ పైపు వైపు చూస్తే కనిపిస్తుంది.

గొట్టాలు పూడుకుపోవడానికి మన ప్రాంతంలో అసలు కారణం బోరు నీళ్ళే. కూలెంట్ తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్ళు పోస్తే అందులోని సున్నం వేడికి లోపల పొరగా పట్టేస్తుంది. కూలెంట్ గాఢంగా ఉండేదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. ముందే కలిపి అమ్మేదైతే నేరుగా పోయాలి. ఆకుపచ్చదీ ఎర్రదీ కలిపితే ఒకోసారి జిగురుగా మారుతుంది కాబట్టి రంగు చూసి కాదు, మాన్యువల్‌లో ఉన్న రకం చూసి కొనండి.

రేడియేటర్ మూత కూడా మార్చి చూడదగ్గదే. చాలా కార్లలో అది 0.9 నుంచి 1.1 బార్ ఒత్తిడి నిలబెడుతుంది. ఆ ఒత్తిడి ఉంటే కూలెంట్ 120 డిగ్రీలు దాటినా మరగదు. మూత రబ్బరు పోతే 110 లోపే మరిగి రిజర్వాయర్‌లోకి తన్నుకొస్తుంది. కొన్ని వందల రూపాయల మూత కోసం హెడ్ (ఇంజిన్ పై భాగం) దించిన బండ్లు ఉన్నాయి.

"థర్మోస్టాట్ తీసేస్తే సరిపోతుంది, మన ఎండలకి అది అక్కర్లేదు" అని చెబితే ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాదు, కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు కొడుతూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్ పాడవుతుంది. అనుమానముంటే తీసి గిన్నెలో నీళ్ళు మరగబెట్టి అందులో వేయండి. దాని మీద ముద్రించిన వేడి దగ్గర, సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల్లో, తెరుచుకోవడం మొదలవ్వాలి.

నడుస్తుండగా ముల్లు ఎరుపులోకి వెళ్తే ఆ క్షణంలో ఏం చేయాలి?

ఏసీ ఆపండి, హీటర్‌ని పూర్తి వేడి మీద పెట్టి బ్లోయర్ పెంచండి, పక్కకు తీసి ఆపండి. ఆవిరి వస్తుంటే ఇంజిన్ వెంటనే ఆపేయాలి. రేడియేటర్ మూత కనీసం అరగంట ముట్టుకోకూడదు. వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్ళు పోస్తే అల్యూమినియం హెడ్ వంగిపోవచ్చు, పగిలిపోవచ్చు. "షెడ్డు రెండు కిలోమీటర్లే కదా" అని నడిపిన ఆ రెండు కిలోమీటర్లే పైపు ఖర్చుని హెడ్ ఖర్చుగా మారుస్తాయి.

హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందని చెప్పారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

ఇది పెద్ద ఖర్చు, రుజువు లేకుండా ఒప్పుకోవద్దు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు పట్టుకోండి. ఇంకా వేడెక్కకముందే, ఒకటి రెండు నిమిషాల్లోనే పైపు రాయిలా బిగుసుకుంటే సిలిండర్ గ్యాసు కూలెంట్‌లోకి దూరుతున్నట్టే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి పెట్టి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తాయి. గట్టి రుజువు కావాలంటే నీలం రంగు రసాయనంతో చేసే బ్లాక్ టెస్ట్ ఉంది. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని ఆ ద్రవం గుండా లాగితే, పెట్రోల్ బండ్లలో ఎగ్జాస్ట్ గ్యాసు ఉంటే అది పసుపు రంగుకు తిరుగుతుంది.

ఆయిల్ మూత కింద లేత గోధుమ రంగు నురగ కనిపిస్తే ప్రతిసారీ గ్యాస్కెట్ అని భయపడక్కర్లేదు. చిన్న చిన్న దూరాలు మాత్రమే తిరిగే బండిలో తేమ చేరి అలా అవుతుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు ఉండి, బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గిపోతుంటేనే అనుమానం గట్టిది.

హెడ్ దించితే లేతుకి పంపేముందు చదును కొలిపించండి. ఉక్కు స్కేలు ఆనించి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూస్తారు. చాలా చిన్న పెట్రోల్ ఇంజిన్లలో 0.05 మి.మీ. మించి వంపు ఉంటే ఫేసింగ్ (లేతు మీద చదును చేయడం) చేయాలి. ఒకసారి సాగదీసి బిగించే రకం హెడ్ బోల్టులైతే పాతవి మళ్ళీ వాడకూడదు. టార్క్ రెంచ్ లేని షెడ్డులో ఈ పని చేయించొద్దు.

పొద్దున్నే సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవ్వడం లేదు. బ్యాటరీ మార్చేయాలా?

ముందు వినండి. టిక్కుమని ఆగిపోతోందా, బద్ధకంగా తిరుగుతోందా, లేక చక్కగా తిరిగినా అందుకోవడం లేదా?

మొదటి రెండూ కరెంటు సమస్యలు. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ మీద పెట్టండి. రాత్రంతా ఆగిన బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 లోపు అంటే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. స్టార్ట్ అయ్యాక సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అలా లేకపోతే లోపం ఆల్టర్నేటర్‌ది (బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో). అలాంటప్పుడు కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజుల్లో అదే కథ. బ్యాటరీ బాగుండి కూడా సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతుంటే మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు తుప్పు పట్టింది. విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే చాలు.

ఇంజిన్ బాగా తిరిగినా అందుకోకపోతే తాళం ఆన్ చేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. చాలా పెట్రోల్ బండ్లలో రెండు సెకన్లపాటు ఫ్యూయల్ పంపు శబ్దం వినిపించాలి. అది లేకపోతే పంపు రిలే, ఫ్యూజు. పంపు బాగుంటే తాళం గుర్తు లైటు చూడండి. అది ఆగకుండా మిణుకుతుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే వ్యవస్థ) తాళాన్ని గుర్తించడం లేదు. రెండో తాళం వాడి చూడండి. సెల్ఫ్ ఒక్కోసారి పది సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో అర నిమిషం ఆగండి.

చల్లగా ఉంటే బాగా స్టార్ట్ అవుతుంది. హోటల్ దగ్గర పావుగంట ఆపితే మళ్ళీ అందుకోదు. అరగంటకి మామూలే!

క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పేది) మీద మొదటి అనుమానం. వేడికి లోపలి చుట్ట తెగి, చల్లబడ్డాక మళ్ళీ కలుస్తుంది. స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) పెట్టి సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉందంటే దాదాపు ఖాయం. సెన్సర్ మీద తడి గుడ్డ వేసి చల్లబరిచాక వెంటనే స్టార్ట్ అయితే ఇంకేం రుజువు అక్కర్లేదు.

సైలెన్సర్ నుంచి పొగ వస్తోంది. రంగుని బట్టి ఏం చెప్పొచ్చు?

రంగు కంటే ఎప్పుడు వస్తోందన్నదే ఎక్కువ చెబుతుంది.

తెల్ల పొగ డిసెంబరు, జనవరి ఉదయాల్లో మూడు నాలుగు నిమిషాలు వచ్చి ఆగితే అది ఆవిరే. వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ మండుతోంది. డీజిల్ బండిలో తెల్ల పొగ కళ్ళు మండే వాసనతో వస్తే అది మండని డీజిల్. గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌లో సిలిండర్‌ని వేడి చేసేవి), ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మేవి), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) ఈ వరుసలో చూడాలి.

నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. అది విన్న వెంటనే "పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ దించాలి" అనేస్తారు. ఆగండి. రాత్రంతా ఆగాక స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి గుప్పున వచ్చి పోతే వాల్వ్ సీళ్ళు. ఫ్లైఓవర్ దిగి, కాలు తీసేసి, మళ్ళీ తొక్కగానే వచ్చినా అవే. గట్టిగా లాగుతున్నంతసేపూ వస్తే రింగులు. వీటన్నిటికంటే ముందు పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి గ్యాసుని ఇన్‌టేక్‌లోకి వదిలేది) తీసి ఊపండి, గలగలమనాలి. అది పూడుకుపోతే లోపలి ఒత్తిడి ఆయిల్‌ని ఇన్‌టేక్‌లోకి నెడుతుంది. ఈ వాల్వు ధర, ఇంజిన్ పని ఖర్చు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వరుస ఎందుకో అర్థమవుతుంది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పార్టు) ఉంటే ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు విప్పి చూడండి. పలుచటి తడి మామూలే, ఆయిల్ మడుగు కట్టి ఉంటే టర్బో సీలు పోయింది.

రింగులా వాల్వులా తేల్చేది కంప్రెషన్ పరీక్ష. పెట్రోల్ ఇంజిన్‌ని వేడి చేసి, అన్ని ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ కనెక్టరు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. చాలా ఇంజిన్లలో 150 నుంచి 190 పీఎస్‌ఐ దాకా వస్తుంది. ఒక్కో సిలిండర్‌కీ మధ్య 10-15 శాతం కంటే తేడా ఉండకూడదు. తగ్గిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో తగ్గి ఉంటే వాటి మధ్య గ్యాస్కెట్.

నల్ల పొగ: పెట్రోల్ బండిలో ఇంధనం ఎక్కువ, డీజిల్ బండిలో గాలి తక్కువ. రెంటికీ ఎయిర్ ఫిల్టర్‌తోనే మొదలుపెట్టండి.

ఐడిలింగ్‌లో బండి వణుకుతోంది, మిస్ కొడుతోంది. ప్లగ్గులన్నీ మార్చినా తగ్గలేదు.

స్కానర్‌లో కోడ్ చూడండి. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0303 అంటే మూడోది. పీ0300 అయితే ఫలానా సిలిండర్ అని లేదు. ఒకటో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకి కరెంటు ఇచ్చేది) తీసి మూడోదానికి వేయండి, మూడోది ఒకటోదానికి. కోడ్ కూడా మారితే కాయిల్ పోయింది. మారకపోతే అలాగే ప్లగ్గు, తర్వాత ఇంజెక్టర్ మార్చి చూడాలి. ఏ పార్టూ కొనకుండా చేసే పరీక్ష ఇది.

అన్ని సిలిండర్లలోనూ అటూ ఇటూ మిస్ కొడుతుంటే గాలి లీకు వెతకాలి. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది, కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెబుతుంది. ఐడిలింగ్‌లో +20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర సున్నా వైపు దిగితే ఎక్కడో వ్యాక్యూమ్ పైపు పగిలింది. రేసు పెరిగేకొద్దీ అంకె కూడా పెరిగితే లోపం ఇంధనం వైపు ఉంది: పంపు బలహీనపడింది, లేదా ఫిల్టర్ పూడుకుంది. ఈ ఒక్క తేడా చాలా డబ్బు మిగుల్చుతుంది.

కొత్త వాషరున్న ప్లగ్గుని చేత్తో పూర్తిగా తిప్పి, ఆ తర్వాత రెంచ్‌తో సుమారు అర చుట్టు చాలు. బలంగా బిగిస్తే అల్యూమినియం మర పోతుంది.

చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. నడపొచ్చా?

స్థిరంగా వెలుగుతూ బండి మామూలుగా ఉంటే నడుపుకుంటూ షెడ్డుకు వెళ్ళొచ్చు. మిణుకుతుంటే మాత్రం గట్టిగా మిస్ కొడుతోందని అర్థం. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుద్ధి చేసే పార్టు)లోకి వెళ్ళి దాన్ని కాల్చేస్తుంది. వేగం తగ్గించండి, వీలైతే ఆపేయండి. లైటు ఆర్పడానికి బ్యాటరీ టెర్మినల్ తీసేయడం ఇక్కడ పెద్ద అలవాటు. అలా చేస్తే కోడ్‌తోపాటు, లోపం వచ్చినప్పటి వేడి, వేగం, లోడ్ రికార్డు కూడా చెరిగిపోతుంది. ముందు చదివి ఫోటో తీసుకోండి. కోడ్ పార్టు పేరు కాదన్నది కూడా గుర్తుంచుకోండి. పీ0171 అంటే మిశ్రమంలో గాలి ఎక్కువైందని మాత్రమే, ఆక్సిజన్ సెన్సర్ మార్చమని కాదు.

పెట్రోల్ మీద బాగుంది, సీఎన్‌జీ మీద మాత్రం మిస్ కొడుతోంది.

సీఎన్‌జీని అంటించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే అరిగిన ప్లగ్గు, నీరసించిన కాయిల్ ముందు గ్యాసు మీదే బయటపడతాయి. ప్లగ్గులతో మొదలుపెట్టి గ్యాస్ ఫిల్టర్, రెడ్యూసర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే పార్టు) దాకా వెళ్ళండి. ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బండిలో వాల్వు సీటు అరిగి ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే పార్టుకీ మధ్య సందు) తగ్గిపోతుంది. వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది. శబ్దం లేదు కదా అని ట్యాపెట్లు చూడకుండా వదిలేయొద్దు, ఇక్కడ శబ్దం తగ్గడమే చెడు సూచన. గ్యాస్ సిలిండర్‌కి మూడేళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి.

డీజిల్ కారు పికప్ పడిపోయింది. 3000 ఆర్‌పీఎం దాటడం లేదు.

అది సేఫ్ మోడ్‌లోకి (ఇంజిన్‌ని కాపాడటానికి కంప్యూటర్ శక్తి తగ్గించే స్థితి) వెళ్ళింది, కోడ్ చదివించాలి. కోడ్ లేకుండా పికప్ మాత్రమే తగ్గి, తొక్కితే నల్ల పొగ, ఉస్సుమనే శబ్దం ఉంటే టర్బో నుంచి వచ్చే రబ్బరు పైపు చీలింది. ఆ పైపుల కింది వైపు చేత్తో తడమండి, చీలిక ఉన్నచోట ఆయిల్ తడి తగులుతుంది. పొగ లేకుండా నీరసంగా ఉంటే డీజిల్ ఫిల్టర్. ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే మర ఉంటే వానాకాలంలో ఒకటి రెండుసార్లు వదలండి.

డీపీఎఫ్ లైటు తరచూ వెలుగుతోంది. ఇంజిన్ ఆయిల్ కూడా పెరిగినట్టుంది!

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనలతో డీజిల్ కార్లకు డీపీఎఫ్ అనే ఈ మసి పట్టే ఫిల్టర్ తప్పనిసరిలాంటిదైంది. అందులో చేరిన మసి సుమారు 600 డిగ్రీల దగ్గర కాలిపోవాలి. వన్‌టౌన్ సందుల్లో రెండేసి కిలోమీటర్లు తిరిగితే ఆ వేడి రాదు. లైటు వెలగగానే గుంటూరు హైవే మీదో గన్నవరం వైపో తీసుకెళ్ళి, ఆపకుండా 20 నిమిషాలు 60 పైన, ఒక గేరు తక్కువలో 2000 ఆర్‌పీఎం దాటించి నడపండి. మసి కాల్చడానికి అదనంగా కొట్టే డీజిల్, పని మధ్యలో ఆగిపోయినప్పుడల్లా సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. గరిష్ఠ గీత దాటితే కొంచెం తీసేసి సరిపెట్టకుండా, మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద రకం ఆయిల్‌తో మొత్తం మార్చాలి.

ఏ శబ్దానికి భయపడాలి?

లోపలి నుంచి బరువుగా డబ్ డబ్‌మని, తొక్కినప్పుడు పెరిగే శబ్దానికి. అది బిగ్ ఎండ్ బేరింగ్ (కనెక్టింగ్ రాడ్ కింది బేరింగ్) కావొచ్చు, నడపకుండా టోయింగ్ చేయించండి. పైన సన్నగా టిక్ టిక్ ట్యాపెట్లదో ఇంజెక్టర్లదో, తొందర లేదు. చల్లటి ఇంజిన్ రెండు మూడు సెకన్లు గరగరమంటే టైమింగ్ చైన్ టెన్షనర్. ఏసీ వేయగానే కీచుమంటే బెల్టు. మిట్ట మీద తొక్కినప్పుడు డబ్బాలో గోలీలు ఊపినట్టు వినిపిస్తే నాకింగ్ (ఇంధనం సరైన తీరులో మండకపోవడం). ఒక గేరు దించండి, తర్వాత కార్బన్, ప్లగ్గు రకం, ఇంజిన్ వేడి చూపించండి.

ఎర్ర ఆయిల్ లైటు మలుపులో ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది.

ఆయిల్ బాగా తగ్గింది, వెంటనే ఆపి డిప్‌స్టిక్ చూడండి. కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య చాలా కార్లలో ఒక లీటరు తేడా ఉంటుంది. మట్టం సరిగ్గా ఉండి కూడా వెలిగితే స్విచ్ మీద నింద వేసేముందు గేజ్ పెట్టి అసలు ఒత్తిడి కొలిపించండి.

వరద నీళ్ళలో మునిగిన కారుని ఎలా స్టార్ట్ చేయాలి?

స్టార్ట్ చేయకూడదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు బండ్లు మునిగినప్పుడు కూడా, నీళ్ళు తీశాక "ఒక్కసారి చూద్దాం" అని కొట్టే సెల్ఫే ప్రమాదం. నీళ్ళు నొక్కుకుపోవు, పిస్టన్ పైకి వచ్చినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి, లోపల తడి ఉంటే నీళ్ళు ఇంజిన్‌లోకి వెళ్ళాయనే అనుకోండి. ప్లగ్గులు, డీజిల్ అయితే ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో తీయించి, ఇంజిన్‌ని చేత్తో తిప్పించి నీళ్ళు బయటికి వెళ్ళాకే ముందుకు పోవాలి. ఆయిల్, ఫిల్టర్ మార్చి, కొద్దిసేపు నడిపి మళ్ళీ మార్చాలి. గేరుబాక్సు ఆయిల్ కూడా. ఇంజిన్ ప్రొటెక్షన్ అదనపు కవర్ లేకపోతే ఇలాంటి ఇంజిన్ నష్టానికి మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బివ్వదు. ముట్టుకోకముందే నీటి మట్టం తెలిసేలా ఫోటోలు తీసి కంపెనీకి చెప్పండి.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వల్ల మైలేజీ తగ్గితే ఇంజిన్ లోపమా?

కాదు. ఒక లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి కొద్ది శాతం తగ్గడం సహజం. పాత బండ్లలో రబ్బరు పైపులు, సీళ్ళు గట్టిపడ్డాయేమో చూసుకోండి. నెలల తరబడి కదలని బండిలో ఇథనాల్ తేమ పీల్చుకుని ట్యాంకు అడుగున నీళ్ళు చేరొచ్చు. ఉన్నట్టుండి మైలేజీ పావు వంతు పడిపోయిందంటే మాత్రం పెట్రోలుని అనడం మాని బ్రేకులు పట్టేస్తున్నాయా, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందా చూడండి.

ఆటోనగర్‌లో పని ఇచ్చేటప్పుడు ఏం అడగాలి?

అక్కడ ఒక్కో పనికి ఒక్కో షాపు. రేడియేటర్, సెల్ఫ్-డైనమో, డీజిల్ పంపు-నాజిల్స్, లేత్ ఎవరిది వారిదే. మీ మెకానిక్ హెడ్‌ని ఏ లేతుకి పంపుతున్నారో అడిగి, వీలైతే వెళ్ళి ఎంత మందం కోశారో తెలుసుకోండి. మార్చిన పాత పార్టులన్నీ డిక్కీలో వేయమని ముందే చెప్పండి. ఇంజిన్ పని జరిగితే మొదటి ఆయిల్‌ని సుమారు 1000 కిలోమీటర్లకే మార్పించండి. వదిలిన ఆయిల్ పళ్ళెంలో అయస్కాంతం తిప్పి చూడండి. సన్నటి నల్ల పొడి మామూలే, గోటికి తగిలే లోహపు ముక్కలు వస్తే బండి ఇంటికి తేకుండా అక్కడే ఉంచి మళ్ళీ విప్పించండి.